గడప మీద సుద్దముక్క గుర్తు

నా మనవలకూ మనవరాళ్లకూ, నా చేతి సూదికి ఏడ్చి పెరిగిన పిల్లలందరికీ,

నల్లగొండ జిల్లాలో ముప్పై ఆరేళ్లు నర్సమ్మగా ఊళ్లు తిరిగాను. 1976లో ఉద్యోగంలో చేరి 2012లో దిగిపోయాను. మీలో చాలామందికి పోలియో చుక్కలు వేసిందీ, తట్టు టీకా ఇచ్చిందీ నాలాంటివాళ్లే. ఆ చనువుతోనే ఈ ఉత్తరం.

2021 ఆగస్టులో మా పెద్ద మనవడు హైదరాబాద్ నుంచి ఫోన్ చేశాడు. పంద్రాగస్టు నుంచి ముంబైలో లోకల్ రైళ్లు మళ్లీ మామూలు జనానికి తెరుస్తున్నారనీ, అయితే రెండు డోసులూ పడి పద్నాలుగు రోజులు నిండినవాళ్లకేననీ చెప్పాడు. "మన దగ్గర కూడా అట్లనే పెట్టాలి అమ్మమ్మా. నేను రెండు డోసులూ వేయించుకున్న. వేయించుకోనివాళ్ల కోసం నేనెందుకు ఇంట్లో కూర్చోవాలె? మెట్రో, సినిమా హాలు, ఆఫీసు అన్నీ మాకు తెరవొచ్చు కదా" అన్నాడు. బతుకంతా టీకాలు వేసిన మనిషిని కదా, వెంటనే ఔనంటాననుకున్నాడు. నేను ఏదో సర్దిచెప్పి ఫోన్ పెట్టేశాను.

కరోనా సద్దుమణిగింది. వాడి ప్రశ్న మాత్రం నాతోనే ఉండిపోయింది. ఇంకో మహమ్మారి వచ్చేనాటికి నేను ఉంటానో లేదో. ఆనాడు ఎవరిని లోపలికి పంపాలో, ఎవరిని ఆపాలో తేల్చే కుర్చీల్లో మీరుంటారు. కలెక్టర్లుగా, కంపెనీ మేనేజర్లుగా, అపార్ట్‌మెంట్ సంఘం కార్యదర్శులుగా. అప్పుడు ఇవ్వలేని జవాబు అందుకే ఇప్పుడు రాస్తున్నాను.

వాడి మాటలో న్యాయం ఉంది, ముందు అది ఒప్పుకుంటాను. నీ వల్ల ఇంకొకరికి రోగం అంటుతుందన్న భయంతోనే కదా ప్రభుత్వం నిన్ను ఇంట్లో ఉండమన్నది. ఆ భయం తీరిపోతే నిన్ను ఆపి ఉంచే హక్కు ఎవరికీ లేదు. 2021 మే 12 నుంచి జూన్ 19 దాకా తెలంగాణ అంతా లాక్‌డౌన్‌లో ఉంది. ఆ రోజుల్లో మా వీధి చివర టిఫిన్ బండి నడుపుకునే ఆమె పెనం బోర్లించి పెట్టుకుని గుమ్మంలో కూర్చునేది. అందరినీ ఒకే గాటన కట్టి ఇంట్లో కూర్చోబెట్టడం కూడా పెద్ద అన్యాయమే. నష్టం ఎక్కువగా పడింది రోజు కూలి మీద బతికేవాళ్ల నెత్తినే. అందుకని "కొందరికైనా తెరవండి" అన్నవాణ్ని స్వార్థపరుడని నేను అనను.

కానీ టీకాలు వేసిన మనిషిగా నాకు రెండు సంగతులు తెలియాలి. ఆ టీకా అందరి చేతికీ అందిందా? పడ్డవాడి నుంచి రోగం ఇంకొకరికి పోకుండా అది ఆపుతుందా?

మొదటిది చూద్దాం. మన దేశంలో కరోనా టీకా 2021 జనవరి 16న మొదలైంది, ఆసుపత్రుల్లో పనిచేసేవాళ్లతో. మార్చి 1 నుంచి అరవై దాటినవాళ్లకు, ఏప్రిల్ 1 నుంచి నలభై ఐదు దాటినవాళ్లకు. మే 1న పద్దెనిమిది దాటినవాళ్లందరికీ అన్నారు. తీరా చూస్తే సీసాలు లేవు. 18 నుంచి 44 ఏళ్లవాళ్లు కోవిన్ అనే ప్రభుత్వ వెబ్‌సైట్లో పేరు రాయించుకుని స్లాటు దొరికితేనే రావాలన్నారు. ఆ కోవిన్ మొదట్లో ఇంగ్లీషులోనే ఉండేది. తెలుగు తర్వాత వచ్చింది. ఫోన్ లేనివాళ్లు, చదువు రానివాళ్లు ఏం కావాలని సుప్రీంకోర్టు కూడా అడిగింది. ఆ వయసువాళ్ల నుంచి డబ్బు తీసుకునే విధానం నిర్హేతుకంగా ఉందని మే 31 నాటి ఉత్తర్వులో చెప్పింది. జూన్ 21 నుంచి పద్దెనిమిది దాటిన అందరికీ ప్రభుత్వ కేంద్రాల్లో ఉచితమైంది. ప్రైవేటు ఆసుపత్రుల్లో మాత్రం ఒక్క డోసు కోవిషీల్డ్‌కు 780 రూపాయలు, కోవాగ్జిన్‌కు 1,410 రూపాయల దాకా తీసుకోవచ్చన్నారు. మా మనవడు వేయించుకున్నది ఆ 1,410 రూపాయల టీకాయే.

నా రెండో డోసు రోజు చెబుతాను. ఏప్రిల్ నెలాఖరు. ప్రాథమిక ఆరోగ్య కేంద్రం ముందు వేపచెట్టు కింద నీడ చాలక జనం గోడ వెంబడి నిలబడ్డారు. గేటు బయట కార్లు ఆగి ఉన్నాయి, అన్నీ హైదరాబాద్ బండ్లే. సిటీలో స్లాటు దొరకనివాళ్లు ఫోన్‌లో మా ఊరి కేంద్రం వెతికి పట్టుకుని వచ్చారు. వాళ్లను తప్పుపట్టను, ప్రాణభయం అందరికీ ఒకటే. నా ముందు ఒక గొల్ల పెద్దాయన నిలబడ్డాడు. భుజం మీద గొంగడి, చేతిలో ఆధార్ కార్డు జిరాక్సు, నాలుగు మడతలు పెట్టింది. పొద్దున్నే జీవాలను కొడుక్కి అప్పజెప్పి నడిచి వచ్చాడట. కౌంటర్ దగ్గర పిల్లవాడు "తాతా, నీ పేరు లిస్టులో లేదు. స్లాటు బుక్ చేసుకుని రావాలె" అన్నాడు. "స్లాటు అంటే ఏంది బిడ్డా" అని అడిగాడు పెద్దాయన. ఎవరూ చెప్పలేదు, వెనక లైను కదలాలి కదా. ఆయన ఆ జిరాక్సును మళ్లీ నాలుగు మడతలూ పెట్టి జేబులో పెట్టుకుని వెళ్లిపోయాడు. నేను లైన్లో నుంచి బయటికి వచ్చి ఆయనతో మాట్లాడి ఉండాల్సింది. నా వంతు పోతుందని నిలబడిపోయాను. ముప్పై ఆరేళ్ల సర్వీసు చేసిన మనిషిని, ఆ రోజు నా భుజమే చూసుకున్నాను. అది ఇప్పటికీ నన్ను బాధిస్తుంది.

ఇప్పుడు ముంబై లెక్క చూడండి. మన దేశంలో ఎక్కువమందికి పడింది కోవిషీల్డ్. దాని రెండు డోసుల మధ్య ఎడం 12 నుంచి 16 వారాలకు పెంచింది మే నెలలో. ఉచిత టీకా మొదలైన జూన్ 21నే ఒక కూలీ పిల్లవాడు వెళ్లి కోవిషీల్డ్ వేయించుకున్నాడనుకోండి. పన్నెండు వారాలంటే సెప్టెంబర్ 13. ఆ మీద పద్నాలుగు రోజులంటే సెప్టెంబర్ 27. రైలు తెరిచింది ఆగస్టు 15న. మొదటి రోజే లైన్లో నిలబడి చెయ్యి చాచినవాడికి కూడా ఆ రైలు తలుపు ఆరు వారాలు మూసే ఉంది. అతను టీకా వద్దనలేదు, భయపడలేదు, పుకార్లు నమ్మలేదు. ప్రభుత్వం చెప్పిన ఎడం పాటించాడు, అంతే. ఆ కుర్రాడి పేరు కూడా "టీకా వేసుకోనివాళ్ల" జాబితాలోనే పడింది. మనవడా, నువ్వు ఫోన్‌లో "వేయించుకోనివాళ్లు" అన్నప్పుడు నీ కళ్ల ముందు మొండివాడు ఒకడు కనబడ్డాడు. నాకు గొంగడి వేసుకున్న పెద్దాయన కనబడ్డాడు. మనం ఇద్దరం ఒకే మాట వాడాం, మనుషులు వేరు.

రెండో సంగతి ఇంకా ముఖ్యం. తట్టు టీకా సరిగా పడ్డ బిడ్డ తట్టును ఇంకొకరికి అంటించడం చాలా అరుదు. అన్ని టీకాలూ అలా ఉండవు. కరోనా టీకా చేసిన గొప్ప పని, మనిషిని ఆసుపత్రి మంచం మీద నుంచి, శ్మశానం నుంచి కాపాడడం. అంటకుండా ఆపే పనిలో అది అంత గట్టిగా నిలబడలేదు, డెల్టా రకం వచ్చాక మరీ. అమెరికాలో టీకా పూర్తయినవాళ్లు మాస్కు తీసేయొచ్చని 2021 మే 13న అక్కడి వ్యాధి నివారణ సంస్థ చెప్పింది. జులైలో మసాచుసెట్స్‌లోని ప్రావిన్స్‌టౌన్ అనే చిన్న సముద్రతీర పట్టణంలో జనం గుమిగూడారు. ఆ రాష్ట్రంవాళ్లలోనే 469 మందికి కరోనా తేలింది. వాళ్లలో 346 మంది టీకా పూర్తిగా వేయించుకున్నవాళ్లు. జులై 27న, రోగం ఎక్కువగా ఉన్న చోట్ల టీకా పడ్డవాళ్లు కూడా మళ్లీ మాస్కు పెట్టుకోండని ఆ సంస్థే చెప్పాల్సి వచ్చింది.

ఈ లెక్క చూసి టీకా పనికిరాదని కొందరు ప్రచారం చేశారు. వాళ్ల మాట నమ్మకండి. ఊళ్లో ఎక్కువమంది టీకా వేసుకున్నవాళ్లే ఉంటే, రోగం వచ్చినవాళ్లలోనూ ఎక్కువమంది వాళ్లే ఉంటారు. అంతమందిలో ఆసుపత్రిలో చేరింది ఐదుగురు, ఒక్కరూ చనిపోలేదు. టీకా తన పని తాను చేసింది. అయితే ఆ టీకా నిన్ను కాపాడింది, నీ పక్కన కూర్చున్నవాణ్ని నీ నుంచి పూర్తిగా కాపాడలేదు. సర్టిఫికెట్ ఉన్నవాళ్లను మాత్రమే హాల్లో కూర్చోబెట్టి తలుపు వేసినంత మాత్రాన వైరస్ బయట ఆగలేదు. నా దగ్గర కాగితం ఉంది కదా అన్న ధైర్యంతో జలుబు ఉన్నా పెళ్లికి వెళ్లినవాళ్లను నేనే చూశాను.

ఇదే సంగతి సుప్రీంకోర్టు కూడా చూసింది. 2022 మే 2న తీర్పు ఇస్తూ, ఎవరికీ బలవంతంగా టీకా వేయకూడదనీ, తన ఒంటి మీద హక్కు మనిషికి రాజ్యాంగం ఇచ్చిందనీ చెప్పింది. అదే తీర్పులో ప్రజల ఆరోగ్యం కోసం ప్రభుత్వం హద్దులు పెట్టవచ్చనీ ఒప్పుకుంది. అయితే ఆ హద్దు అవసరానికి తగినంతే ఉండాలంది. టీకా పడనివాళ్ల నుంచి పడ్డవాళ్లకంటే ఎక్కువగా రోగం అంటుతుందని చూపే ఆధారం ప్రభుత్వాలు తన ముందు పెట్టలేదనీ, కేసులు తగ్గిన ఆ సమయంలో వాళ్ల మీద ఉన్న ఆంక్షలు తీసేయమనీ సూచించింది. ముంబై రైళ్ల ఉత్తర్వును అంతకు ముందే ఆ ఫిబ్రవరిలో బొంబాయి హైకోర్టు తప్పుపట్టింది.

ఇక దేశాల గేట్లు. బ్రిటన్ మన కోవిషీల్డ్‌ను ఏం చేసిందో గుర్తుందా? అది ఆక్స్‌ఫర్డ్‌లో పుట్టిన టీకా, పుణెలో తయారైంది. పుణె సీసాలు 50 లక్షల డోసులు బ్రిటన్ తన ప్రజల కోసమే తెప్పించుకుంది. అదే టీకా మన భుజానికి పడితే, 2021 అక్టోబరు మొదట్లో దాన్ని లెక్కలోకి తీసుకోలేదు, పది రోజులు విడిగా ఉండాలంది. మన దేశం అక్టోబరు 4 నుంచి వాళ్లకూ అదే షరతు పెట్టాక, 11వ తేదీ నుంచి మనవాళ్లకు సడలించింది. హైదరాబాద్‌లో తయారైన కోవాగ్జిన్‌కు ప్రపంచ ఆరోగ్య సంస్థ గుర్తింపు నవంబర్ 3న గానీ రాలేదు. అప్పటిదాకా అమెరికా చదువులకు పోయే మన పిల్లలు హైదరాబాద్ నారాయణగూడలోని టీకా కేంద్రం దగ్గర లైన్లు కట్టి, ఏ టీకా వేయించుకుంటే ఏ యూనివర్సిటీ ఒప్పుకుంటుందో అని తల్లడిల్లారు. మా మనవడి స్నేహితుడు ఒకడు, కోవాగ్జిన్ రెండు డోసులు పూర్తయినవాడు, అక్కడికి వెళ్లాక మళ్లీ మొదటి నుంచి ఇంకో టీకా వేయించుకున్నాడు. ఆ రోజు మా మనవడు ఫోన్‌లో మండిపడ్డాడు. "నేను టీకా వేసుకున్నా కూడా వేసుకోనట్టేనా అమ్మమ్మా" అన్నాడు. నాయనా, రైలు తలుపు బయట నిలబడ్డ ముంబై కుర్రాడు అడిగేదీ అదే.

మా మనవడి అపార్ట్‌మెంట్ గేటు దగ్గర నేను కళ్లారా చూసింది ఒకటుంది. ఆ దసరాకు వాడింటికి వెళ్లాను. నోటీసు బోర్డు మీద ఒక కాగితం. పనిమనుషులు, డ్రైవర్లు, పేపర్ వేసేవాళ్లు రెండు డోసుల సర్టిఫికెట్ చూపించాలి. ఫ్లాట్లలో ఉండేవాళ్లు చూపించాలని అందులో ఎక్కడా లేదు. వాడింట్లో అంట్లు తోమే ఆమె రోజూ రవిక లోపల నుంచి ఒక ప్లాస్టిక్ అట్ట తీసి వాచ్‌మన్‌కు చూపించేది. నెట్ సెంటర్లో డబ్బు కట్టి ప్రింటు తీయించి, లామినేషన్ చేయించుకుంది. చెమటకు దాని అంచు విడిపోయి, లోపలికి తడి దిగి, అక్షరాలు అలుక్కుపోతున్నాయి. పేరు కూడా తప్పు పడింది, ఆధార్‌లో ఒకటి, అందులో ఒకటి. "రెండో సూదికి పోయిన రోజు నాలుగిళ్ల పని పోయింది, రెండిళ్లవాళ్లు జీతం కోసిండ్రు" అంది. ఆమె టీకా వేయించుకోవాలని కోరినవాళ్లే, వేయించుకున్న రోజుకు ఆమె జీతం కోసుకున్నారు. నేను మా మనవడి ముఖం చూశాను. వాడు తల దించుకున్నాడు.

అదే అక్టోబరులో, టీకా వేసుకోకపోతే రేషన్, పింఛను ఆపేస్తారని మన రాష్ట్రంలో వార్త వచ్చింది. అలాంటి ఆదేశం ఏదీ లేదని అధికారులు ఆ తర్వాత ఖండించారు. కానీ ఆ ఒక్క రోజులో మా వాడకట్టు ముసలమ్మలు ఎంత బెదిరిపోయారో నేను చూశాను. మంచం పట్టిన ఒకామె కొడుకును పట్టుకుని "నన్ను ఎత్తుకపోరా, బియ్యం ఆపుతరట" అని ఏడ్చింది. భయంతో వేయించుకున్నా టీకా టీకాయే కదా అంటారు కొందరు. దానికి జవాబు నా ఉద్యోగం మొదటి రోజుల్లో ఉంది.

నేను చేరిన 1976లో ఎమర్జెన్సీ నడుస్తోంది. కుటుంబ నియంత్రణ ఆపరేషన్లకు టార్గెట్లు. కేసులు తెస్తేనే మంచి పేరు, లేకపోతే పై నుంచి మాటలు. ఉత్తరాదిన జరిగినంత ఘోరం మా దగ్గర జరగలేదు గానీ, కబురు మాత్రం ఊరూరా పాకింది. ఆ తర్వాత ఎన్నో ఏళ్లు, నేను పిల్లలకు డీపీటీ సూది తీసుకుని పోతే, తల్లులు పిల్లల్ని చంకనేసుకుని చేలల్లోకి పరుగెత్తేవాళ్లు. నా తెల్లచీరను చూస్తే వాళ్లకు ఆపరేషనే గుర్తొచ్చేది. కోరింత దగ్గుతో నీలబడిన పిల్లల్ని తర్వాత నా దగ్గరికే తెచ్చారు. బెదిరించినవాళ్లు బదిలీ అయిపోయారు, ఆ బెదిరింపుకు బాకీ కట్టింది ఆ పిల్లలు.

పల్స్ పోలియోలో మేం పని చేసిన తీరు వేరు. 1995లో మొదలైంది. ఆదివారం బూత్‌లో చుక్కలు, ఎడమ చెయ్యి చిటికెన వేలికి గుర్తు. సోమవారం నుంచి ఇంటింటికీ. భుజానికి వ్యాక్సిన్ క్యారియర్, అందులో ఐస్ ప్యాకులు, చేతిలో సుద్దముక్క. ఇంట్లో పిల్లలందరికీ చుక్కలు పడితే తలుపు పక్కన పి అని రాసేవాళ్లం. ఇల్లు తాళం వేసి ఉన్నా, బిడ్డ ఊళ్లో లేకపోయినా, వద్దన్నా ఎక్స్ అని రాసేవాళ్లం. ఎక్స్ అంటే ఈ ఇంటికి మళ్లీ రావాలని మాకు మేం రాసుకున్న గుర్తు. ఎక్స్ ఇంటివాళ్లను బడికి రావద్దని ఎవరూ అనలేదు. బియ్యం కార్డు తీసేయలేదు.

ఒక తండాలో ఒక ఇంటికి నేను ఐదు మార్లు వెళ్లాను. తల్లి తలుపు సందులో నుంచే "వద్దు" అని మూసేసేది. మా సూపర్‌వైజర్ రాసేయమన్నాడు, "నిరాకరణ" అని. ఐదోసారి నేను క్యారియర్ కింద పెట్టి అరుగు మీద కూర్చుని మంచినీళ్లు అడిగాను. చెంబుతో తెచ్చింది. కూర్చున్నాను, మాట్లాడలేదు. కాసేపటికి పెద్దపిల్లను పిలిచి లంగా పైకి జరిపి తొడ చూపించింది. నిమ్మకాయంత లొట్ట, చుట్టూ ముడతలు పడ్డ చర్మం. రెండేళ్ల కింద మావాళ్లే ఎవరో వేసిన సూది. గడ్డ కట్టి, చీము పట్టి, నెల రోజులు బిడ్డ నడవలేదట. "సూది ఏసినామె మళ్ల ఈ తొవ్వకు రాలే" అంది.

ఆమె ఎందుకు వద్దంటోందని ఐదు మార్లు తిరిగిన నేను ఒక్కసారీ అడగలేదు. తప్పు మాదేనని చెప్పాను. చేతులు పట్టుకుని చెప్పాను. ఆ రోజూ చిన్నవాడికి చుక్కలు వేయనివ్వలేదు. తర్వాతి విడతలో తనే బూత్‌కు తెచ్చింది. ఆ ఇంటి గడప పక్కన పి అని రాసినప్పుడు నా చెయ్యి వణికింది. మన దేశంలో చివరి పోలియో కేసు 2011 జనవరి 13న హౌరాలో తేలింది. 2014 మార్చి 27న మన ప్రాంతం పోలియో లేనిదని ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకటించింది. ఆ కాగితం వెనుక అలాంటి గడపలు ఎన్నో ఉన్నాయి.

షరతులే వద్దని నేను అనడం లేదు. ఆసుపత్రిలో, వృద్ధాశ్రమంలో పనిచేసేవాళ్లు టీకా వేసుకుని తీరాలంటే నేను మనస్ఫూర్తిగా ఒప్పుకుంటాను, ఎదుట మంచం మీద ఉన్నది తప్పించుకోలేని మనిషి. ఎల్లో ఫీవర్ ఉన్న ఆఫ్రికా దేశాలకు పోయేవాళ్లు పసుపు కార్డు తీసుకుని పోవడం ఎప్పటినుంచో ఉన్నదే, ఆ టీకా గట్టిది, ఒక్క డోసు జీవితకాలం చెల్లుతుంది. కచేరీకో క్లబ్బుకో సర్టిఫికెట్ అడిగితే, టీకా అందరికీ అందాక, అంటకుండా ఆపుతుందని తేలాక, కొద్ది నెలలకు మాత్రమే అయితే, నేను అడ్డుపడను. తిండి, కూలి, బడి, వైద్యం, ఊరికి పోయే బస్సు, ఈ ఐదింటి దగ్గర మాత్రం ఆ కాగితం అడగకూడదు. ఇది నా నిశ్చయం. ఎంత పెద్ద డాక్టరు వచ్చి చెప్పినా మార్చుకోను.

రేపు మీ చేతికి అలాంటి ఉత్తర్వు సంతకానికి వస్తే, దాన్ని పక్కన పెట్టి ముందు మీ ఊళ్లో ఎవరికి డోసు అందలేదో జాబితా అడగండి. ఆ జాబితాలో ఉన్న ఇళ్లకు ఆశా కార్యకర్తను పంపండి, ఐదు మార్లైనా. అంత పెద్ద కుర్చీ మీకు దొరకకపోతే, మీ ఇంట్లో పనిచేసే ఆమెను టీకాకు మీరే తీసుకుపోండి. మర్నాడు జ్వరం వస్తే పడుకోమనండి. ఆ రెండు రోజుల జీతం మాత్రం కోయకండి.

ఆశీస్సులతో,
మీ నర్సమ్మ